నేలవేము లాట్ ఎందుకు తిరిగొచ్చింది: గుణుపురం సేకరణ కేంద్రంలో టెస్ట్ స్ట్రిప్‌ల కేస్ స్టడీ

రాయగడ జిల్లా గుణుపురం ప్రాంతంలోని ఒక వనమూలికల సేకరణ కేంద్రం విశాఖపట్నం పంపిన 64 సంచుల ఎండు నేలవేము, కొనుగోలుదారు ల్యాబ్‌లో ఫెయిలై తిరిగొచ్చింది. నేలవేములోని మందు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ 1 శాతానికి తగ్గకూడదని, దాన్ని హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి ఒక్కోటి ఎంతుందో కొలిచే ల్యాబ్ యంత్రం) మీద కొలవాలని ఒప్పందంలో రాసుకున్నారు. లారీ ఎక్కించే ముందు కేంద్రంలో స్ట్రిప్ (రంగు మారే మందు పూసిన కాగితపు పట్టీ) పెట్టి చూశారు. చూసిన ప్రతిసారీ చిక్కటి ఊదా రంగు వచ్చింది, రిజిస్టర్‌లో 'పాస్' అని ఎక్కింది. స్ట్రిప్ పనికిరాదని కేంద్రంలో కొందరు, ల్యాబ్ వాళ్లు ధర తగ్గించడానికి ఆడిన నాటకమని సంతలో కొందరు అనుకున్నారు. తిరిగొచ్చిన సరుకును సంచి సంచీ విప్పి చూస్తే స్ట్రిప్ చెప్పిందీ నిజమే, ల్యాబ్ చెప్పిందీ నిజమే. రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో, కేంద్రంలో పద్ధతి ఎలా మారిందో ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి కేంద్రం నడిపేవాళ్లు పర్లాకిమిడిలో ఉన్నా, పార్వతీపురంలో ఉన్నా, ఈ కొలతలు అలాగే వాడుకోవచ్చు.

సరుకు, దాని దారి

ఈ కేంద్రానికి నేలవేము ఎక్కువగా పుట్టాసింగ్ వైపు సవర ఊళ్ల నుంచి వస్తుంది. కోసేది ఆడవాళ్లు. ఇంటి ముందు ఆరబెట్టి వారపు సంతకు తెస్తారు. అక్కడ కాటా వేసేవాళ్లు, లెక్క రాసేవాళ్లు చాలావరకు తెలుగువాళ్లు. రసీదులు మాత్రం ఒడియాలో. ఒక్కో సంచిలోకి నాలుగైదు ఊళ్ల సరుకు, వేర్వేరు వారాల్లో కోసిన సరుకు కలిసిపోతుంది. కాటా దగ్గర ఊరి పేరు, కోసిన వారం రాసి చీటీ కట్టే అలవాటు అప్పటికి లేదు. తర్వాత వచ్చిన తలనొప్పుల్లో సగం ఇక్కడే పుట్టాయి.

నేలవేములో మందు గుణం ప్రధానంగా ఆకులో ఉంటుంది. మంచి ఆకులో ఆండ్రోగ్రాఫోలైడ్ 2 శాతం దాటొచ్చు, కాండంలో అందులో చిన్న వంతే. పూత మొదలయ్యే సమయానికి ఇది గరిష్ఠంగా ఉండి, కాయ కట్టి గింజ ముదిరేకొద్దీ పడిపోతుంది, కింది ఆకులు కూడా రాలిపోతాయి. ఈ ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో కోతకు సరైన సమయం వస్తుంది. తుఫాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి, శ్రీకాకుళం జిల్లాల మీదుగా పోయినప్పుడు ఆరుబయట ఉన్న ఎండు సరుకు గతి ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంత పెద్ద గాలివాన రాకపోయినా, కోత మీద వారం ముసురు పడితే జనం ఆగుతారు. ఆగితే కాయ కడుతుంది. కోస్తే ఆరదు. ఎటు చూసినా నష్టమే, ఆ నష్టం సంచిలోకి వచ్చి కూర్చుంటుంది.

సంతలో షావుకారు ఆకు నమిలి చూసి ధర కడతాడు. నేలవేము చేదు ఎంత గట్టిదంటే బలం తక్కువ ఉన్న సరుకు కూడా నాలుకను ముంచేస్తుంది, ఎక్కువ తక్కువలు తెలియవు. చేదు ఉందో లేదో చెప్పగలదు తప్ప నాలుక శాతం చెప్పలేదు. స్ట్రిప్ అవసరం అందుకే వచ్చింది.

స్ట్రిప్ ఏం పట్టుకుంటుంది

వాడింది కెడ్డే చర్య. 3,5-డైనైట్రోబెంజోయిక్ ఆమ్లం క్షారం సమక్షంలో అసంతృప్త లాక్టోన్ అనే రసాయన వలయం ఉన్న పదార్థాలతో కలిసి ఎరుపు కలిసిన ఊదా రంగు ఇస్తుంది. ఆండ్రోగ్రాఫోలైడ్‌లో అలాంటి లాక్టోన్ ఉంది. నేలవేములోనే ఉండే నియోఆండ్రోగ్రాఫోలైడ్, డీఆక్సీ రకాలు వగైరాల్లోనూ ఉంది. కాబట్టి స్ట్రిప్ చూపేది మొత్తం లాక్టోన్‌ల బలం. హెచ్‌పీఎల్‌సీ వాటిని విడదీసి ఒక్క ఆండ్రోగ్రాఫోలైడ్‌నే లెక్కేస్తుంది. ఈ తేడాను మొదటి రోజే గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఈ కేసులో అది ఎవరికీ తెలియదు.

స్ట్రిప్ తయారీకి కావలసినవి తక్కువే. వాట్‌మాన్ 1 రకం ఫిల్టర్ కాగితాన్ని 10 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు పట్టీలుగా కోయాలి. పెన్సిల్‌తో కింది నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర చుక్క గుర్తు పెట్టాలి. పెన్ను వాడితే సిరా కరిగి పాకుతుంది. 3,5-డైనైట్రోబెంజోయిక్ ఆమ్లం 2 గ్రాములు 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గోరువెచ్చగా కరిగించాలి. వేడి నీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు, పొయ్యి దగ్గరకు తీసుకెళ్లొద్దు. పట్టీలను అందులో ముంచి, క్లిప్పుకు వేలాడదీసి నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు ముదురు రంగు సీసాలో మూత బిగించి పెట్టాలి. మందు పూయని ఉత్త పట్టీలు కూడా అన్నే కోసి వేరే సీసాలో పెట్టాలి. ఇవి చాలా ముఖ్యం, ఎందుకో కింద ఉంది.

ఇథనాల్ ఇంకా బాగా పనిచేస్తుంది కానీ దానికి ఎక్సైజ్ అనుమతి కావాలి. మారుమూల కేంద్రానికి అదో గొడవ. మెథనాల్ విషం, సేకరణ కేంద్రంలో ఉంచదగింది కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల షాపులో, ల్యాబ్ సామాన్ల షాపులో దొరుకుతుంది. ల్యాబ్ గ్రేడ్ తీసుకోవాలి. శానిటైజర్‌లో గ్లిజరిన్, రంగు, వాసన కలిపి ఉంటాయి, అది పనికిరాదు.

క్షారం వేరుగా ఉంచాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ 11.2 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేస్తే 2 మోలార్ ద్రావణం. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కొంచెం కొంచెంగా వేయాలి, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ప్లాస్టిక్ డ్రాపర్ సీసాలో పోయాలి. గాజు బిరడా సీసాలో పోస్తే బిరడా అతుక్కుపోయి ఊడిరాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని క్షారం నెమ్మదిగా బలహీనపడుతుంది. అందుకే చిన్న సీసాలో చేసుకుని, రంగు మందగించినట్టు ప్రామాణిక చుక్కల మీద కనబడగానే పారబోసి కొత్తది చేసుకోవాలి. కొందరు రెండు ద్రావణాలూ ముందే కలిపి ఉంచుకుంటారు. కలిపిన మందు నిలవ ఉండదు, వాడే ముందు కలపాల్సిందే. ఆ బాధ లేకుండా ఆమ్లం కాగితం మీద, క్షారం సీసాలో పెట్టడమే ఈ స్ట్రిప్ పద్ధతిలో ఉన్న సౌకర్యం.

పరీక్ష నడిపే తీరు

నమూనాను మిక్సీలో పొడి చేసి జల్లించాలి. జల్లెడ మీద మిగిలిన పుల్లను పారేయకూడదు, మళ్లీ ఆడించి మొత్తం కలపాలి. పుల్ల నలగదు, ఆకు నలుగుతుంది. మిగిలింది పారేస్తే పరీక్షించేది ఉత్త ఆకునే. పొడి 0.5 గ్రాము తూచాలి. నగల షాపుల్లో వాడే 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా సరిపోతుంది. మూత ఉన్న గొట్టంలో వేసి, సగం నీళ్లు సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణం 20 మిల్లీలీటర్లు పోసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలిపి పావుగంట పాటు మధ్యమధ్య కుదపాలి. ఆ తర్వాత వడకట్టాలి.

ఉత్త ఆల్కహాల్ వాడకుండా సగం నీళ్లు కలపడానికి కారణం ఆకుపచ్చ రంగు. ఉత్త ఆల్కహాల్‌లో క్లోరోఫిల్ విపరీతంగా దిగి, ఊదా రంగును కప్పేస్తుంది. నీళ్లు కలిపితే క్లోరోఫిల్ తక్కువగా దిగుతుంది, లాక్టోన్‌లు ఇంకా బాగానే దిగుతాయి. ఉత్త నీళ్లు మాత్రం పనికిరావు, ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో అతి కొద్దిగానే కరుగుతుంది. బొగ్గు పొడి వేసి రంగు తీసేద్దామని కొందరికి తోస్తుంది. బొగ్గు ఆకుపచ్చతో పాటు కావలసిన పదార్థాన్ని కూడా పట్టేసుకుంటుంది.

వడకట్టిన ద్రావణం 10 మైక్రోలీటర్లు చొప్పున ఒకే చోట రెండుసార్లు, మధ్యలో ఆరనిచ్చి, మందు పట్టీ మీద ఒక చుక్క, ఉత్త పట్టీ మీద ఒక చుక్క పెట్టాలి. పక్కనే మూడు ప్రామాణిక చుక్కలు ఉండాలి. వాటికోసం ఆండ్రోగ్రాఫోలైడ్ ప్రామాణిక పొడి 5 మిల్లీగ్రాములు ముందు 5 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, తర్వాత నీళ్లు పోసి 10 మిల్లీలీటర్లు చేయాలి. అంత తక్కువ తూకం చిన్న కాటా మీద కుదరదు, అంచేత ఈ ద్రావణం ల్యాబ్‌లో చేయించి తెచ్చుకోవడం మేలు. ఇది మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాము. అందులోంచి సగానికి పలచన చేస్తే 0.25, ఇంకో సగానికి చేస్తే 0.125. పొడి 0.5 గ్రాము 20 మిల్లీలీటర్లలో నానబెట్టాం కాబట్టి ఈ మూడూ వరుసగా 2 శాతం, 1 శాతం, అర శాతానికి సమానం. అన్నీ ఆరాక ఒక్కో చుక్క మీద ఒక్కో బొట్టు క్షారం వేసి గడియారం చూసి 2 నిమిషాలకు రంగు చదవాలి.

అప్పటికంటే ఆలస్యం చేయకూడదు. కెడ్డే రంగు నిలవదు, కొద్ది నిమిషాల్లో వెలిసిపోతూ గోధుమ రంగులోకి దిగుతుంది. అందుకే అచ్చు వేసిన రంగుల చార్టుతో పోల్చడం ఈ పరీక్షకు నప్పదు. చార్టు వెలవదు, చుక్క వెలుస్తుంది. ప్రామాణిక చుక్కలు పక్కనే ఉంటే అవీ దానితో పాటే వెలుస్తాయి, పోలిక చెడదు.

ఉత్త పట్టీ పని ఇక్కడ. నేలవేములో ఫ్లేవనాయిడ్‌లు ఉన్నాయి, అవి క్షారం తగలగానే పసుపు పచ్చగా మారతాయి. ఊదా మీద పసుపు పడితే ఇటుక రంగు కనబడుతుంది, చూసేవాడు దాన్ని ముదురు ఊదాగా లెక్కేస్తాడు. ఉత్త పట్టీ మీద ఎంత పసుపు వచ్చిందో చూసి, దాన్ని మనసులో తీసేసి మందు పట్టీని చదవాలి. ఉత్త పట్టీ మీదే ఎర్రగా ఏదైనా వస్తే ఆ నమూనాను స్ట్రిప్‌తో తేల్చకూడదు, ల్యాబ్‌కు పంపాలి. వెలుతురు సంగతి కూడా ఉంది. పసుపు బల్బు కింద ఊదా చదవడం కుదరదు. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట చదవాలి.

మొదటి లాట్‌లో ఏం జరిగింది

తిరిగొచ్చిన లాట్‌కు చేసిన పరీక్షలో పై జాగ్రత్తల్లో సగం లేవు. ప్రామాణిక చుక్కలు పెట్టలేదు, చార్టు చూశారు. ఉత్త పట్టీ పెట్టలేదు. సాయంత్రం కాటా ముగిశాక దీపం కింద చదివారు. ఇవన్నీ కలిసి రంగును కొంత ఎక్కువ చేసి చూపాయి. కానీ లాట్‌ను ముంచింది ఇవి కాదు.

అసలు లోపం నమూనా తీయడంలో ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలంటారు. గోనె సంచికి ఆ లెక్క చెల్లదు. నేలవేము సంచిని లారీలోనో ఆటోలోనో కుదిపితే ఎండిన ఆకు నలిగి కిందికి జారుతుంది, పుల్లలు పైకి తేలతాయి. సంచి మూతి విప్పి చెయ్యి పెట్టిన మనిషి గుప్పిట్లోకి ఏం వస్తుంది? పుల్ల గుచ్చుకుంటుంది కాబట్టి చెయ్యి దానంతటదే ఆకు వైపు పోతుంది. మిక్సీలో నలిగేదీ ఆకే. జల్లెడ మీద మిగిలిన పుల్లను పారబోశారు కూడా. అంటే మూడుసార్లు వరుసగా ఆకునే ఏరుకుని, 2 శాతం పైన ఉన్న ఆకును పరీక్షించి, సగానికి పైగా పుల్లలున్న సంచికి పాస్ మార్కు వేశారు. ల్యాబ్ వాళ్లు లాట్ మొత్తాన్ని ప్రతిబింబించే నమూనా తీశారు. వాళ్లకు తక్కువ వచ్చింది.

రెండో కారణం వయసు. లాట్‌లో కొన్ని సంచులు అంతకు ముందు సీజన్‌వి. రేకుల గోదాములో వేసవి దాటాయి. వేడికి, కాలానికి ఆండ్రోగ్రాఫోలైడ్ కొంత డీఆక్సీ-డైడీహైడ్రో రూపంలోకి మారిపోతుంది. ఆ రూపంలోనూ లాక్టోన్ వలయం ఉంది, కెడ్డేకి రంగు ఇస్తూనే ఉంటుంది. స్ట్రిప్ మీద అదే ఊదా. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫు మీద మాత్రం ఆండ్రోగ్రాఫోలైడ్ శిఖరం చిన్నదై పక్కన ఇంకోటి లేస్తుంది. పాత సరుకును ఈ స్ట్రిప్ పట్టలేదు, ఎంత జాగ్రత్తగా చేసినా పట్టలేదు. దీనికి విరుగుడు పట్టీలో లేదు, సంచికి కట్టే చీటీలో ఉంది.

నమూనా, మళ్లీ మొదటి నుంచి

మూలికల నాణ్యత పరీక్షలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నమూనా నియమాన్ని కేంద్రం పట్టుకుంది. 5 సంచుల వరకు ఉంటే ప్రతి సంచి నుంచి, 6 నుంచి 50 వరకు ఉంటే 5 సంచుల నుంచి, 50 దాటితే పదో వంతు సంచుల నుంచి తీయాలి. పదో వంతు లెక్కకు సంచుల సంఖ్యను పై పదికి సర్దుకోవాలి. 64 అంటే 70, కాబట్టి 7 సంచులు. ఏ ఏడు అన్నది చీటీలు తీసి తేల్చాలి, తలుపు దగ్గరున్న ఏడు కాదు.

ఒక్కో సంచిలో పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల తీయాలి. ధాన్యం నమూనా తీయడానికి వాడే బొంగు నేలవేములో దిగదు, పుల్లలు అడ్డం పడతాయి. సంచిని టార్పాలిన్ మీద బోర్లించి, కుప్పను మూడు పొరలుగా పారతో తీయడమే దారి. అడుగున టార్పాలిన్ మీద మిగిలిన ఆకు పొట్టును ఊడ్చి ఆ పొరలోనే కలపాలి. ఈ పని ఒక మనిషికి చిరాకు, ఇద్దరికి తేలిక. తీసిన వాటిని కలిపి, చదునుగా చతురస్రంలా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతా రెండు తీసేయాలి. 250 నుంచి 500 గ్రాములు మిగిలే దాకా ఇలాగే.

పొడి చేసే ముందు ఒక చిన్న లెక్క. ఆ నమూనాలోంచి 100 గ్రాములు తూచి చాటలో పోసి ఆకు, పుల్ల, కాయ, ఇతర చెత్త వేరు చేసి తూచాలి. చైనా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) నేలవేములో ఆకు 30 శాతానికి తగ్గకూడదంటుంది. ఆ గీత ఇక్కడ కూడా బాగా పనికొచ్చింది. చెత్త 2 గ్రాములు దాటితే మళ్లీ చెరగాలి. నిజం చెప్పాలంటే ఒక కేంద్రానికి ఒక్క పరీక్షే చేసే తీరిక ఉంటే స్ట్రిప్ వదిలేసి ఈ చాట పరీక్షే చేయమంటాం. తిరిగొచ్చిన లాట్‌లో చెడ్డ సంచులు చాట మీదే బయటపడ్డాయి, ఆల్కహాల్ ఖర్చు కూడా లేకుండా.

చాటలో మొక్క గుర్తింపు కూడా జరగాలి. నేలవేము కాండం నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా, రెండు కొనలూ సన్నగా, నున్నగా ఉంటాయి. కాయ రెండు సెంటీమీటర్ల వరకు ఉండి రెండు చివరలా మొన తేలుతుంది, ఎండితే నిలువునా చీలి పసుపు గోధుమ గింజలు రాలతాయి. వేలికి బొచ్చు తగిలితే అది వేరే మొక్క, పక్కన పెట్టాలి. కాండం గుండ్రంగా ఉన్నా అంతే.

కంటి గుర్తింపు స్ట్రిప్ కంటే ముందు ఉండాలనడానికి గట్టి కారణం ఉంది. కెడ్డే చర్య నేలవేముకు ప్రత్యేకం కాదు. గన్నేరు, జిల్లేడు వంటి మొక్కల్లోని గుండె మీద పనిచేసే విషాలకు కూడా అదే ఊదా రంగు వస్తుంది. అసలు ఆ పదార్థాలను పట్టడానికే ఈ మందు బాగా వాడుకలోకి వచ్చింది. సంచిలో గన్నేరు ఆకు పడితే స్ట్రిప్ దాన్ని పట్టివ్వకపోగా సరుకు బ్రహ్మాండమని చెబుతుంది. గుర్తు తెలియని ఆకును నమిలి చూసే అలవాటు మానాలని షావుకార్లకు చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

బూజు విషం స్ట్రిప్

రెండో స్ట్రిప్ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానిది. ఇది కొనుక్కునే కిట్, కేంద్రంలో తయారయ్యేది కాదు. ముసురులో ఆరబెట్టిన సరుకుకు ఇది కావాలి, ఎండలో బాగా ఆరిన సరుకుకు ప్రతిసారీ అక్కర్లేదు.

దీన్ని తలకిందులుగా చదివే పొరపాటు దాదాపు ప్రతి కేంద్రంలోనూ జరుగుతుంది. గర్భ పరీక్ష స్ట్రిప్ అలవాటుతో రెండు గీతలు వస్తే 'ఉంది' అనుకుంటారు. ఇక్కడ రెండు గీతలు వస్తే విషం హద్దు లోపల ఉన్నట్టు. పరీక్ష గీత మాసిపోయినా, అసలు రాకపోయినా హద్దు దాటినట్టు. నమూనాలో ఉన్న విషం బంగారు కణాలకు అంటించిన యాంటీబాడీలను ముందే పట్టేసుకుంటుంది, గీత దగ్గర అంటుకోవడానికి ఏమీ మిగలదు. నియంత్రణ గీత (స్ట్రిప్ పనిచేసిందని చూపే గీత) రాకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు, ఫలితం రాయకుండా పారేయాలి.

హద్దు ఏ సంఖ్య దగ్గర ఉందో కిట్ పెట్టె మీద చూడాలి. చాలా కిట్‌లు మొక్కజొన్న, వేరుశనగలకు చేసినవి, 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20) దగ్గర తెగుతాయి. యూరోపియన్ ఫార్మకోపియా మూలికలకు పెట్టిన హద్దు అఫ్లాటాక్సిన్ బి1కు 2 పీపీబీ, నాలుగు రకాల అఫ్లాటాక్సిన్‌లూ కలిపి 4 పీపీబీ. ఎగుమతి సరుకుకు 20 పీపీబీ కిట్ 'బాగుంది' అంటే అందులో ఊరట ఏమీ లేదు.

ఇంకో చిక్కు ఆకు రసం. మూలికల్లోని టానిన్‌లు, రంగులు యాంటీబాడీకి అడ్డం పడతాయి, ద్రవం స్ట్రిప్ మీద నెమ్మదిగా పాకుతుంది, పరీక్ష గీత సరిగా రాదు. విషం లేకుండానే ఉన్నట్టు చూపుతుంది. దానికి విరుగుడు పలచన చేయడం. కానీ ఐదింతలు పలచన చేస్తే 4 పీపీబీ దగ్గర తెగే కిట్ 20 పీపీబీ దగ్గర తెగుతుంది, హద్దు చేజారిపోతుంది. ఎంత పలచనలో ఈ ఆకు అడ్డం పడకుండా ఉంటుందో ఒకసారి ల్యాబ్‌లో, శుభ్రమైన నమూనాకు తెలిసిన మోతాదు విషం కలిపి చూసి తేల్చుకోవాలి. అఫ్లాటాక్సిన్ ప్రామాణికం క్యాన్సర్ కలిగించేది, సేకరణ కేంద్రంలో దాన్ని ముట్టుకోకూడదు. కిట్ సంగ్రహణ ద్రావణంలో మెథనాల్ ఉంటే గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా చేయాలి.

బూజు సంచి అంతటా సమానంగా పట్టదు. ఒక మూల తడిసి ఉంటే ఆ మూలలోనే విషం గుంపుగా ఉంటుంది. నాలుగు భాగాల పద్ధతిలో మిగిలిన 500 గ్రాములనూ మొత్తం పొడి చేసి, కలిపి, అందులోంచి కిట్ అడిగినంత తీసుకోవాలి. కిట్ అడిగేది 5 గ్రాములని సంచిలోంచి 5 గ్రాములే తీస్తే ఆ ఫలితం జాతకమే.

కిట్‌ను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని పెట్టె మీద రాసి ఉంటుంది. గుణుపురంలో ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో అది జరిగే పని కాదు, ఫ్రిజ్ కావాలి. ఫ్రిజ్‌లోంచి తీశాక పొట్లం చించకుండా గది వేడికి రానివ్వాలి. చల్లని పొట్లం వెంటనే చించితే తేమ కమ్ముకుని స్ట్రిప్ పాడవుతుంది.

కిట్ ఖర్చు తగ్గించే దారి టార్పాలిన్ మీద ఉంది. పుల్ల వంచితే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. తారు రోడ్డు మీద ఆరబెట్టడం మాన్పించాలి. త్వరగా ఆరుతుంది నిజమే, ఇసుక కలిసి, కాల్చి చూస్తే మిగిలే బూడిద శాతం పెరుగుతుంది, మీదుగా బండ్లు పోతాయి.

స్ట్రిప్‌లు పెట్టకూడని చోట

నీళ్లలో సీసం చూసే స్ట్రిప్‌ను మూలిక కషాయంలో ముంచి లోహాలు లేవని రాసిన కాగితాలు కనబడుతున్నాయి. ఆయుష్ హద్దులు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని). మొక్క కణాల్లో పట్టుకుని ఉన్న లోహం కషాయంలోకి పూర్తిగా దిగదు, ఆమ్లంలో ఉడికించి యంత్రం మీద చూడాల్సిందే. ఆ స్ట్రిప్ ఖర్చు దండగ.

పురుగుమందుల కార్డులు కోలినెస్టరేజ్ ఎంజైమ్ మీద నడుస్తాయి. ఎంజైమ్ ఆగితే పురుగుమందు ఉన్నట్టు. తిప్పతీగలో సహజంగా ఉండే పాల్మటిన్, బెర్బెరిన్ కూడా ఆ ఎంజైమ్‌ను ఆపుతాయి. ఏ మందూ ఎరగని కొండ తిప్పతీగ ఆ కార్డు మీద ఫెయిలవ్వొచ్చు. తిప్పతీగ విషయంలో కావలసింది వేరే. 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించినట్టు టినోస్పోరా క్రిస్పా దానికి దగ్గరగా కనబడుతుంది, దాని కాండం మీద బుడిపెలుంటాయి. కన్ను చాలు.

తిరిగొచ్చిన సరుకు ఏమైంది

64 సంచులనూ విప్పి, కాయలు ఎక్కువున్నవి, పుల్లలు ఎక్కువున్నవి, పాతవి వేరు చేశారు. పాతవాటిని గుర్తించడానికి రికార్డు లేదు కాబట్టి ఆకు రంగు చూసి, సంచి గుర్తు చూసి, సంతలో అమ్మినవాళ్లను అడిగి తేల్చారు. మిగిలిన మంచి సంచుల్ని పైన చెప్పిన పద్ధతిలో నమూనా తీసి, మూడు ప్రామాణిక చుక్కలు, ఉత్త పట్టీ పెట్టి చదివితే 1 శాతం చుక్కకు పైన వచ్చాయి. స్ట్రిప్ మొత్తం లాక్టోన్‌లను చూపుతుంది కాబట్టి 1 శాతం ఒప్పందానికి 1 శాతం చుక్కతో సమానంగా ఉంటే చాలదని, దానికీ 2 శాతం చుక్కకూ మధ్య స్పష్టంగా ఉంటేనే లారీ ఎక్కించాలని కేంద్రం నియమం పెట్టుకుంది. సందేహంగా ఉన్న సంచులు ముందే ల్యాబ్‌కు పోతాయి.

లాట్‌కు మూడు పొట్లాలు, ఒక్కోటి 250 గ్రాములు, ఇరువైపుల సంతకాలతో సీలు వేసి, ఒకటి కేంద్రంలో, ఒకటి కొనుగోలుదారుకు, ఒకటి తగువు వస్తే మూడో ల్యాబ్‌కు ఉంచుతున్నారు. కాటా దగ్గర ఇప్పుడు తూకం కంటే ముందు ప్రశ్న వస్తుంది: "అమ్మా, ఇది పూత మీద కోసిందా, కాయ కట్టాక కోసిందా? ఏ వారం?" జవాబు చీటీ మీద ఊరి పేరుతో పాటు ఎక్కి సంచి మూతికి కట్టబడుతుంది. కాయ కట్టాక కోసింది కూడా కొంటారు, ధర తక్కువ, సంచి వేరు. దాన్ని 1 శాతం ఒప్పందం లేని స్థానిక పొడి తయారీదార్లకు అమ్ముతున్నారు. పాత సంచుల మీద మాత్రం స్ట్రిప్ పెట్టడం ఆపేశారు, అవి నేరుగా హెచ్‌పీఎల్‌సీకి వెళ్తాయి.